తలలేని బొమ్మ, పసుపంచు చీర

"కమలా, మీ బాపుకు చెప్పు. చారు ఇంక ఉన్నది."

జగపతి కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ఆయనకు మూరెడు దూరంలో గరిటె పట్టుకుని కౌసల్య నిలబడి ఉంది. కబురు మోయడానికి మూడో మనిషి కావలసినంత దూరం వాళ్ల మధ్య లేదు. అయినా శుక్రవారం నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ కూతురి మీదుగానే వెళ్తున్నాయి, బండ్లన్నీ కాజీపేట మీదుగా వెళ్లినట్టు.

"బాపూ, చారు ఉన్నదట."

"పొయ్యమను."

"అవ్వా, పొయ్యమంటుండు."

"నాకు చెవులున్నయి," అంది కౌసల్య కూతురితో. చారు పోసింది. అన్నం మీద కాదు, అన్నం పక్కన.

జనగామ నుంచి పొద్దుటి బండికి దిగిన సురేందర్‌కు ఇదంతా అయోమయంగా ఉంది. కౌసల్యకు ఒక్కడే తమ్ముడు అతను. మేనకోడలిని సాయంత్రం బండికి తీసుకెళ్లి, సోమవారం పొద్దున జనగామ మహిళా కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరుగా చేర్పించాలని వచ్చాడు. తీరా ఇంటికొస్తే బట్టల దుకాణం గుమ్మంలో తలలేని ఆడమనిషి బొమ్మ ఎదురైంది. లోపల నోరులేని అక్క ఎదురైంది. రెండింటిలో ఏది ఎక్కువ భయపెట్టిందో అతను ఇంకా తేల్చుకోలేదు.

"బిడ్డా, ఆ బొమ్మకు తలకాయ ఏది?" అన్నాడు, ముందుగా సులువైన ప్రశ్న ఎంచుకుని.

"తలకాయ ఉన్నదానికి ధర ఎక్కువ మామా."

"తలకాయ లేనిది అసలే కొనకుంటే పాయె గద!"

కమల నవ్వు ఆపుకుంది. హైదరాబాదులో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో మూడేళ్లు దుస్తుల డిజైను డిప్లొమా చదివి, ఇంటికొస్తూ తెచ్చుకున్న ఏకైక ఆస్తి, చీరలు కట్టి చూపించే ఆ నిలువెత్తు బొమ్మ. స్టేషను నుంచి రిక్షాలో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చింది. రిక్షా అతను ఇద్దరికి కిరాయి అడిగాడు.

"సరే, విను," సురేందర్ పెరుగు కలుపుకుంటూ మొదలుపెట్టాడు. "నీ చదువుకు ఉన్నవే రెండు తొవ్వలు. ఒకటి టీచరు. రెండోది దర్జీ. టీచరైతే జీతం, దర్జీ అయితే మెడనొప్పి."

దుకాణం అరుగు మీద కుట్టుమిషను ఆగింది. ఇల్లూ దుకాణమూ ఒకే కప్పు కింద ఉండడంతో, ఇంట్లో మాట అరుగు మీద దర్జీ జానీమియాకు ఎప్పుడూ వినపడుతుంది.

"మెడ మంచిగనే ఉన్నది సురేందర్ సాబ్," అన్నాడు జానీమియా అక్కడి నుంచే. "నడుమే జర పరేషాన్ చేస్తున్నది."

మిషను మళ్లీ మొదలైంది.

"తొవ్వలు రెండే కాదు మామా," అంది కమల. "మా మేడం ఎన్నో చెప్పింది. బయట దేశాలకు బట్టలు పంపే కంపెనీలల్ల కుట్టు చూసి పాస్ చేసేటోళ్లుంటరు. చేనేత సంఘాలకు కొత్త నమూనాలు గీసిచ్చేటోళ్లుంటరు. పెద్ద దుకాణాల ముంగట అలంకారం చేసేటోళ్లుంటరు."

"అలంకారానికి జీతమా? నీ బొమ్మను చూస్తే జీతం కాదు, జుర్మానా వేస్తరు."

"అన్నిటికంటె పెద్ద నౌకరి సరుకు కొనేటోళ్లది. ఏ రంగు ఏ ఊర్ల పోతది, ఏ పండుగకు ఏం అడుగుతరు, ఎంత తెస్తే మిగలకుంట పోతది, ముందుగాలనే చెప్పాలె. నాకు అదే కావాలె. మన దుకాణానికి నేను కొంట."

జగపతి రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "కొనుడు కూడ ఒక నౌకరేనా బిడ్డా? కొనుడు లోకమంత చేస్తది."

"లోకం ఎవరిది వాళ్లు కొనుక్కుంటది బాపూ. నేను ఊరందరికీ కొంట."

జగపతి కొనుగోలు పద్ధతి మానుకోట బజారంతటికీ తెలుసు. ఏడాదికి రెండుసార్లు హైదరాబాదు వెళ్తాడు. టోకు వ్యాపారి ఇరానీ చాయ్ తెప్పిస్తాడు. చాయ్ చల్లారేలోపు మూటలు కట్టేసి ఉంటాయి. వాటిలో ఏముందో ఇంటికొచ్చి విప్పుకున్నాక తెలుస్తుంది. నిరుడు అట్లా ఒక మూటనిండా గులాబీ రంగు నైలాన్ చీరలు దిగాయి. ఇప్పుడు ఆ ఇంట్లో కిటికీ పరదాలు గులాబీ రంగువి, రేడియో మీద కప్పిన గుడ్డ గులాబీ రంగుది, సైకిలు సీటు తొడుగు కూడా గులాబీ రంగుదే. అమ్ముడుపోనిది వృథా కానివ్వకపోవడం కౌసల్య గొప్పతనం.

"నువ్వు ఎంచిన సరుకు ఒక్కటన్న అమ్ముడువోయిందా?" అన్నాడు జగపతి. "పోయిందని చెప్పు, ఈ పెండ్లిండ్ల సీజను కొనుడు నీ చేతులనే పెడ్త. లేకుంటే సప్పుడు చెయ్యకుంట మీ మామెంబడి జనగామ పో."

కమల నోరు తెరిచింది. తల్లివైపు చూసి మూసుకుంది.

అమ్ముడుపోయింది. గొడవంతా అదే.

శుక్రవారం పొద్దున్నే బొమ్మను గుమ్మంలో నిలబెట్టింది కమల. దానికి కట్టడానికి దుకాణంలో ఉన్న చీరలన్నీ తిరగేసింది. ఒక్కటీ కంటికి ఆనలేదు. తల్లి బట్టల సందూక తెరిచి, అడుగున పాత ధోవతిలో చుట్టి ఉన్న ఒక చీర తీసింది. వంకాయ రంగు. జానెడు అంచు. ఆ అంచులో జరీ లేదు, చిక్కటి పసుపుపచ్చ పట్టుపోగు ఉంది. అట్లాంటిది ఆమె హైదరాబాదులో కూడా చూడలేదు. జనాన్ని ఆపడానికి పొద్దంతా ఉంచి, రాత్రికి మడతపెట్టి మళ్లీ అడుగున పెట్టేద్దామనుకుంది. బొమ్మకు కట్టింది. చాయ్ తాగడానికి లోపలికి వచ్చింది.

ఆ చాయ్ తాగేలోపు దుకాణానికి తొలి బేరం వచ్చింది. జగపతి దుకాణంలో తొలి బేరానికి కాదనడం లేదు. బోణీ మనిషి దేనిమీద చెయ్యి వేస్తే అది ఇవ్వాల్సిందే. ఆయన తండ్రి పెట్టిన కట్టుబాటు అది. వచ్చినామె బొమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఇది కూతురు హైదరాబాదు నుంచి తెచ్చిన సరుకే అనుకున్నాడు జగపతి. నోటికి తోచిన ధర చెప్పి కాగితంలో చుట్టి ఇచ్చేశాడు.

చాయ్ తాగి వచ్చిన కమలకు బొమ్మ ఒంటిమీద జాకెట్టు మాత్రమే కనిపించింది.

"నీ చీర ఒకటి పొరపాటున పోయింది అవ్వా," అని చెప్పినప్పుడు తల్లి తిట్టలేదు. సందూక మూత తీసి చూసింది. మూసింది. "ఎవరు అమ్మిన్రు?" అని మాత్రం అడిగింది. "బాపు" అనగానే ఆయనతో మాట మానేసింది.

"ఒక్క పాత చీరకు ఇంత లొల్లా!" అని జగపతి అప్పటినుంచి అంటూనే ఉన్నాడు. ఇప్పుడు బామ్మర్ది ముందు మళ్లీ అన్నాడు. "నాలుగు కొత్తయి తీసుకోమను. దుక్నంల చీరలకు కరువా?"

కౌసల్య గరిటెను గిన్నెలో పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. ఆ ఇంట్లో అది మంచి గుర్తు కాదు.

"కమలా, మీ బాపును ఒక్కటి అడుగు. మా పెండ్లినాడు నేను కట్టుకున్న చీర ఏం రంగు?"

కమలకూ తెలియదు. గోడమీద పెళ్లి ఫోటో ఉంది కానీ, అందులో వధువూ వరుడూ పందిరీ పురోహితుడూ అందరూ నలుపూ తెలుపే.

జగపతి చెయ్యి కంచంలో ఆగింది. ఇరవై ఏళ్లుగా బట్టల వ్యాపారి. కళ్లు మూసుకుని గుడ్డను రెండు వేళ్లతో నలిపితే ఏ మిల్లుదో చెప్పగల మనిషి.

"ఎర్రది," అన్నాడు. "ఎర్రదే. పెండ్లి చీర ఇంకే రంగు ఉంటది?"

సురేందర్‌కు పొలమారింది. అతను నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, చాలా మెల్లగా అన్నాడు. "కాదు బావా. నేను అప్పుడు పదేండ్లోణ్ని. నాకు యాదికున్నది. వంకాయ రంగు."

"నువ్వు చెప్పకురా," అంది కౌసల్య.

"తెలంగాణ ఉద్యమం ఏడాది గద బావా. బందులు, బండ్లు లేకపాయె. ఏ ఊరికెల్లి జరీ రాకపాయె. దంతాలపల్లి కొమురయ్య జరీ లేకుంటనే పసుపుపచ్చ పట్టుపోగుతోని అంచు నేసి..."

అక్కడ అతనే ఆగిపోయాడు. కమల గోడమీది ఫోటో వైపు చూసింది. తల్లి భుజం మీద ఆ వెడల్పాటి తెల్లని పట్టీ ఇన్నేళ్లూ ఆమెకు జరీలాగే కనిపించింది.

"అవ్వా! నీ పెండ్లి చీరనా?"

"నువ్వు తీసినవు. తెలువక తీసినవు," అంది కౌసల్య. "తీసి కట్టినందుకు నాకు కోపం లేదు బిడ్డా. ఎంత మంచిగ కట్టినవో నేను తలుపు సందులకెల్లి చూసిన. జరసేపు ఆడనే నిలబడి, లోపటికి వోయిన. మీ బాపు దాన్ని పైకెల్లి కిందిదాక చూసిండు. చేతులల్ల పట్టుకున్నడు. మడతపెట్టిండు. అమ్మిండు!"

ఆఖరి మాట నేరుగా భర్త ముఖంమీదే అంది. కబుర్లు మోసే పని తనకు తప్పినట్టు కమలకు అర్థమైంది.

జగపతి కంచం పక్కకు జరిపాడు.

"మంచి బట్ట అనుకున్న కౌసల్యా," అన్నాడు. "చెయ్యి వెట్టంగనే, ఇది మంచి బట్ట అనుకున్న. యాదికి రాలె గని."

కౌసల్య ముఖం తిప్పుకుంది. నవ్వు వచ్చినప్పుడు కూడా ఆమె అట్లాగే తిప్పుకుంటుంది కనుక, జగపతికి ఏమీ తేలలేదు.

"జానీమియా!" అని కేకేసింది కమల. "శుక్రవారం బోణీ ఎవరిది?"

మిషను ఎప్పుడో ఆగిపోయి ఉంది. "గుల్షన్ బేగం," అన్నాడు జానీమియా వెంటనే, ఇంతసేపూ ఈ ప్రశ్న కోసమే ఉన్నట్టు. "మన ఖదీర్ భార్య. డోర్నకల్ రైల్వే క్వార్టర్లల్ల ఉంటరు. బిడ్డ పెండ్లి ఉన్నది."

"నేను పోయి అడుగుత," జగపతి లేచాడు.

"బోణీ సరుకు వాపస్ అడుగుతవా? మా మామ పెట్టిన కట్టుబాటు," అంది కౌసల్య. "కూసో. పెరుగన్నం తిను. మేం పోతం."

* * *

మానుకోట స్టేషనులో కమల రెండు చేతుల్లో రెండు సంచులున్నాయి. ఒకటి జనగామ కోసం సురేందర్ కట్టించింది. రెండోది డోర్నకల్‌లో చీర దొరికితే చుట్టుకురావడానికి కౌసల్య తెచ్చింది, ఖాళీది.

"అక్కా, మళ్ల చెప్తున్న," సురేందర్ ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. "రేపు పొద్దున పది గంటలకు ఈ పిల్ల ఆడ ఉండాలె. లేకుంటే ఆ పోస్టు ఇంకొకామెకు పోతది. నా ఇజ్జత్ పోతది. నువ్వు డోర్నకల్ పోయిరా. నేను దీన్ని తీసుకొని పోత."

"చీర తీసింది నేను మామా. అవ్వనొక్కదాన్ని పంపుతనా?"

"వచ్చేసరికి సాయంత్రం బండి పోతది!"

"పోతే పోనీ."

చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట. అన్నాక, వదులుకున్నవేవో కమల మనసులో లెక్కపెట్టుకుంది. నెలనెలా జీతం, బల్ల, కుర్చీ, "టీచరమ్మా" అనే పిలుపు. వాటి బదులు తన చేతిలో ఉన్నది ఒక ఖాళీ సంచి.

డోర్నకల్ వైపు ప్యాసింజరు వచ్చి ఆగింది. కౌసల్య వెనక్కి చూడకుండా ఎక్కింది. కమల ఎక్కింది. బండి కదిలాక, ఇద్దరు ఆడవాళ్లను అట్లా వదిలేసి ఇంటికెళ్లి బావకు ఏం చెప్పాలో తోచక, సురేందర్ పరుగెత్తి పక్క పెట్టెలో ఎక్కాడు. అతని దగ్గర టికెట్టు లేదన్న సంగతి గార్ల స్టేషను దాటాక గుర్తొచ్చింది. డోర్నకల్ వచ్చేదాకా అతను కిటికీ బయట పొలాలను ఎంతో శ్రద్ధగా చూశాడు.

* * *

గుల్షన్ బేగం ఇంటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు మంచాలమీద కూర్చుని ఉన్నారు. మధ్యలో పసుపంచు చీర ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి తిరుగుతోంది. పెళ్లికూతురు దాని కొసను మాత్రం వదలడం లేదు.

కౌసల్య విషయం చెప్పింది. చుట్టూ తిప్పకుండా, నాలుగు ముక్కల్లో.

గుల్షన్ బేగం రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "యా అల్లా! నీ షాదీ చీర సేఠ్ నాకు అమ్మిండా?"

"అమ్మిండు."

"గుర్తువట్టలేదా?"

"ఎర్రది అనుకుంటున్నడు ఇరవై ఏండ్ల సంది."

ముందు గుల్షన్ బేగం నవ్వింది. తర్వాత మంచాలన్నీ నవ్వాయి. "మా ఆయన సంగతి అడుగక్కా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఇంజన్ చూడకుంటనే కూత విని ఏ బండో చెప్తడు. నేను కొత్త చీర కట్టి ముంగట నిలబడితే, చాయ్ ఏది అంటడు." పక్కన హసన్ బీ అనే ముసలామె తన భర్త గురించి కూడా ఏదో చెప్పింది. అది ఉర్దూలో ఉండడం వల్ల మంచిదైంది. సురేందర్‌కు ఉర్దూ వచ్చు కనుక, అతను వాకిట్లోంచి వీధిలోకి నడిచాడు.

"తీస్కపో అక్కా. నీ షాదీ చీర నా ఇంట్ల ఎందుకుంటది?" గుల్షన్ బేగం చీర మడతపెట్టి కౌసల్య చేతిలో పెట్టి, ఇచ్చిన డబ్బు వాపసు తీసుకుంది.

కొసను పట్టుకున్న పెళ్లికూతురి వేళ్లు ఒకటొకటిగా విడిచాయి.

ఆ వేళ్లను చూసింది కమల. పాలిటెక్నిక్‌లో మేడం మూడేళ్లు చెప్పిన పాఠమంతా ఆ అయిదు వేళ్లలో కనిపించింది ఆమెకు.

"ఇసొంటిదే తెస్త నీకు," అంది. "ఇదే రంగు, ఇదే అంచు. పెండ్లిలోపట."

"సచ్చీ? నిజంగ తెస్తవా?" పిల్ల తలెత్తింది.

"సచ్చీ."

"జరీ వద్దు," అంది పిల్ల వెంటనే. "జరీ అందరికున్నది. ఇది ఎవరికి లేదు."

"నా కోడలికి ఒకటి," అంది హసన్ బీ. "గని అంచు ఆకుపచ్చ."

"నాకు ఇదే. కొంగు జర చిన్నగ."

ముందు కమల వేళ్లమీద లెక్కపెట్టింది. తర్వాత ఒక చేతి వేళ్లు చాలక జనగామ సంచిలోంచి కొత్త పుస్తకం తీసింది. హాజరుపట్టీ రాసుకోవడానికి సురేందర్ కొనిచ్చిన పుస్తకం అది. ఎవరికి ఏ రంగు, ఎవరికి ఎంత అంచు అని అందులో రాసుకుంది. ఒక్కరికీ కాదనలేదు. ఆ క్షణంలో ఆమె అచ్చం దుకాణం గద్దె మీది తండ్రిలాగే ఉందని కౌసల్యకు అనిపించింది. ఆ మాట పైకి అంటే ఇద్దరిలో ఏ ఒక్కరికీ పొగడ్త కాదు కనుక ఊరుకుంది.

* * *

స్టేషనుకు నడుస్తున్నంతసేపూ కమల కాళ్లు నేలమీద లేవు.

"అవ్వా, ఏడు చీరలు! బొమ్మ మీద ఒక్క పొద్దు ఉంటేనే ఏడు. బాపు ఇప్పుడేమంటడో చూస్త."

"ఎవరు నేస్తరే?" అంది కౌసల్య.

"ఇది నేసినాయననే. దంతాలపల్లి కొమురయ్య."

కౌసల్య నడక తగ్గించింది. "కొమురయ్య దంతాలపల్లిల ఏడున్నడు బిడ్డా? మగ్గం దించి నేత మాని ఏడాది దాటె. భూపాలపల్లిల కొత్తగ బొగ్గుబాయి పడ్డదని పోయిండట. ఆ పట్టుపోగు అంచు ఆయనకు దప్ప ఇంకెవరికీ రాదు."

కమల ఆగిపోయింది. "నౌకరికి పోయిండా? ఈ చెయ్యి పెట్టుకొని బాయిలకు పోయిండా? ఎవరు చెప్పిన్రు ఆయనకు పొమ్మని?"

వెనక సురేందర్ అడుగుల చప్పుడు ఆగింది. అక్కా, మేనకోడలూ ఒకేసారి వెనక్కి తిరిగారు. సురేందర్ చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"నేనే పెట్టిచ్చిన," అన్నాడు. "పక్కా నౌకరి అక్కా. నెలనెల జీతం. దస్తీ పెట్టి కండ్లు తుడుచుకున్నడు ఆయన."

"సంతోషానికా?" అంది కౌసల్య.

సురేందర్ కొంచెం ఆలోచించాడు. "అప్పుడు నేను గట్లనే అనుకున్న."

టికెట్ల కిటికీ ముందు ముగ్గురూ నిలబడ్డారు. సాయంత్రం బండి పోయింది; పైకి వెళ్లే తర్వాతి బండికి ఇంకా సమయం ఉంది. అది వరంగల్ మీదుగా జనగామ వెళ్తుంది. పొద్దుమూకినా, రాత్రికి అక్కడ దిగితే పది గంటలకు శిక్షణ కేంద్రంలో ఉండొచ్చు. వరంగల్‌లో దిగితే పొద్దున్నే భూపాలపల్లి బస్సు ఎక్కొచ్చు.

"మూడు జనగామ," అన్నాడు సురేందర్ కిటికీలోకి.

"ఒకటి జనగామ, రెండు వరంగల్," అంది కమల అతని భుజం మీదుగా.

కిటికీలో క్లర్కు తలెత్తాడు. "ముందు మీరు మీరు తేల్చుకోండి."

సురేందర్ మేనకోడలి వైపు తిరిగాడు. "ఆ పోస్టు మళ్ల రాదు బిడ్డా. నిజంగ చెప్తున్న, రాదు. ఇయ్యాల కాదంటే నేను మళ్లెవరినీ అడగలేను."

"తెలుసు మామా." ఆమె చేతిలో పుస్తకాన్ని గట్టిగా పట్టుకుంది. "ఆ పోస్టుకు టీచరు దొరుకుతది. ఆ పిల్లకు చీర దొరకదు. నాకు భయమైతున్నది గని, వరంగల్ల దిగుత."

సురేందర్ అక్క వైపు చూశాడు. కౌసల్య తన పెళ్లి చీర ఉన్న సంచిని చంకలోకి సర్దుకుని, చేయవలసిందంతా అయిపోయినట్టు టైముబోర్డు చదువుకుంటోంది.

"మూడు వరంగల్," అన్నాడు సురేందర్ చివరికి. "నేను లేకుంటే ఆయన మీ మాట వింటడా?"

"నీ మాట వినే గదరా మగ్గం దించిండు," అంది కౌసల్య.

"దించుడు ఒక్కటే కాదక్కా," సురేందర్ చిల్లర ఏరుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "ఆ మగ్గాన్ని అమ్మిపిచ్చింది గూడ నేనే."